బెంగళూరులో మొదటి కారు: ఎంత వరకు పెట్టొచ్చు?

అనంత_బెంగళూరు | శుక్రవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి. మాది అనంతపురం. తొమ్మిదేళ్ళుగా బెంగళూరులో ఉన్నా. ఇల్లు కాడుగోడి, ఆఫీసు మారతహళ్లి దగ్గర రింగ్ రోడ్డు మీద. రోజూ బైకు మీదే వెళ్ళొస్తా.

నా భార్యకు ఏడో నెల. నాన్నకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, రెండు నెలలకోసారి ఇక్కడి డాక్టరుకు చూపించాలి. పోయిన వారం ఆయన వస్తే హెబ్బాళ దగ్గర దించుకోవడానికి వెళ్ళా. బస్సు మెట్టు మీద నిలబడి, కింది మెట్టుకు కాలు అందక, కండక్టరు భుజం పట్టుకుని దిగాడు. దిగాక నన్ను చూసి ఏమీ కానట్టు నవ్వాడు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని కారు కొనాల్సిందే అనుకున్నాం.

8 లక్షలు అనుకుని షోరూంకు వెళ్ళాం. అక్కడ చిన్న బండ్లు చూపిస్తూ చూపిస్తూ ఒక పెద్ద బండి దగ్గర ఆపారు. షోరూం ధర 11.5 లక్షలు. పన్ను, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన ఆన్‌రోడ్ కాగితం చేతికిచ్చేసరికి 14.3. 11 లక్షలు లోను, ఏడేళ్ళు, నెలకు 17,700. సేల్స్ అబ్బాయి కాలిక్యులేటర్‌లో 30తో భాగించి స్క్రీను మా వైపు తిప్పి, "రోజుకు 590 రూపాయలే సార్, ఇద్దరు బయట తింటే అయ్యే ఖర్చు" అన్నాడు. వింటుంటే నిజమే అనిపించింది. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఆదివారం లోపు బుక్ చేస్తే ఏవో ఆఫర్లు ఉన్నాయట.

మా లాంటి వాళ్ళు కారు మీద ఎంత వరకు పెట్టొచ్చు? జీతంలో ఇంత భాగం అని ఏదైనా లెక్క ఉందా?


లెక్కల_పుస్తకం | శుక్రవారం, రాత్రి 11:15

బాబూ, ముందు ఆదివారం సంగతి మర్చిపో. ఈ ఆదివారం పోతే వచ్చే ఆదివారం ఇంకో ఆఫర్ ఉంటుంది. నెలాఖరుకు ఇంకోటి, డిసెంబరులో అంతకంటే పెద్దది ఉంటుంది.

నువ్వడిగిన లెక్క ఒకటి అందరూ చెబుతుంటారు, 20-4-10 అని. ధరలో 20 శాతం చేతి నుంచి కట్టాలి, లోను నాలుగేళ్ళు దాటకూడదు, కారు మీద నెల ఖర్చు మొత్తం ఆదాయంలో 10 శాతం లోపు ఉండాలి. చెడ్డ లెక్కేం కాదు. కానీ ఇంటి అద్దె ఎంతో, ఊరికి ఎంత పంపుతున్నావో, పాత అప్పులేమున్నాయో అది అడగదు. మన ఇళ్ళల్లో అసలు లెక్కంతా అక్కడే ఉంటుంది కదా.

కాబట్టి నీ జీతం, అద్దె, ఊరికి పంపేది, లోన్లు, దాచిన డబ్బు, అమ్మాయి ఉద్యోగం సంగతి, కారు నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో, ఇవన్నీ రాయి. అప్పుడు మాట్లాడదాం.


ఇందూరు_పిలగాడు | శుక్రవారం, రాత్రి 11:32

అన్నా, నా మాట విను, పెద్దదే తీస్కో. నేను 2019ల చిన్న బండి కొన్న. రెండేండ్లకు పాప పుట్టింది, అమ్మానాయినలు, సామాను, అందరం ఎక్కితే డిక్కీల సూట్‌కేసు పట్టది. మూడేండ్లకే అమ్మేసి మళ్ళ పెద్దది కొన్న. రెండుసార్లు రోడ్ ట్యాక్స్ కట్టిన, రెండుసార్లు ఇన్సూరెన్స్ కట్టిన. మొదలే పెద్దది కొనుంటే ఆ పైసలు మిగిలేవి.

ఇంకో ముచ్చట. మనం ఊరిడిచి ఇంత దూరమొచ్చి కష్టపడేది దేనికి? మా నాయిన జిందగీ అంతా ఆర్టీసీ బస్సులనే తిరిగిండు. మొదటిసారి నా బండిల ముంగట కూసొని ఊర్లెకు పోయిన రోజు ఆయన మొఖం నేను మర్చిపోను. గీ సంతోషానికి లెక్క కట్టొద్దన్నా.


బెళ్ళందూరు_అక్క | శనివారం, ఉదయం 7:05

ఇందూరు తమ్ముడు చెప్పిన సంతోషం నిజమే, కాదనను. నా సంగతి కూడా విను అనంతా.

2022లో మా ఇద్దరి జీతాలూ కలిపి చూసుకుని 18 లక్షల బండి కొన్నాం. 15 లోను, నెలకు 31 వేలు. ఇద్దరం సంపాదిస్తున్నాం కదా, ఇబ్బంది ఏముంటుంది అనుకున్నాం. ఏడాది తిరక్కుండానే మా కంపెనీలో మా టీము మొత్తాన్ని తీసేశారు. నాకు మళ్ళీ ఉద్యోగం దొరకడానికి పది నెలలు పట్టింది. ఆ పది నెలలూ 31 వేలు ప్రతి నెల 5వ తేదీన ఖాతా నుంచి వెళ్ళిపోతూనే ఉంది.

ఆరో నెలలో అమ్మేద్దాం అనుకున్నాం. బ్యాంకులో ఇంకా కట్టాల్సింది 12.6 లక్షలు. బండి చూసిన వాళ్ళల్లో ఎక్కువ చెప్పినవాడు 11.4 అన్నాడు. అంటే నా బండి వేరేవాళ్ళకి ఇవ్వడానికి నేనే ఇంకో లక్షా ఇరవై వేలు తెచ్చి పెట్టాలి, ముందే లోను మూసినందుకు బ్యాంకు చార్జీ అదనం. ఆ లక్షా ఇరవై మా దగ్గర లేక బండి అమ్మలేకపోయాం. అమ్మ గాజులు కుదువ పెట్టి కంతులు కట్టాం. గాజులు మళ్ళీ అమ్మ చేతికి వచ్చాయి గానీ, అవి ఇస్తున్నప్పుడు అమ్మ ఏమీ అడగకుండా తీసిచ్చిన తీరు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఇద్దరి జీతాల మీద కారు కొనకండి. ఒక్క జీతం మీద నిలబడేదే కొనండి. అందులోనూ మీ ఇంట్లో బిడ్డ రాబోతోంది.


అనంత_బెంగళూరు | శనివారం, ఉదయం 9:20

అక్కా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయా. థాంక్స్.

లెక్కలు దాచకుండా రాస్తున్నా. నా చేతికొచ్చేది 1,15,000. అద్దె, మెయింటెనెన్సు కలిపి 34 వేలు. ఊరికి 20 వేలు. అనంతపురంలో సైటు కొన్నాం, దాని లోను కంతు 18 వేలు. ఇంటి ఖర్చులు 25 వేలు. సిప్, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్స్‌లో వేసేది, 15 వేలు. నాకు మిగిలేది 3 వేలు. భార్య జీతం 60 వేలు, అది దాదాపు మొత్తం దాస్తున్నాం. ఇప్పుడు ఉన్నది 4 లక్షల ఎఫ్‌డీ, 5 లక్షలు మ్యూచువల్ ఫండ్స్‌లో. తనకు ప్రసూతి సెలవు 26 వారాలు, జీతంతోనే. ఆ తర్వాత ఏడాది పాటు ఇంట్లో ఉండాలని తన ఆలోచన.

కారు ఆఫీసుకు తీసుకుపోను. వారాంతాలు, ఆసుపత్రి, రెండు నెలలకోసారి అనంతపురం. నెలకు 700 కిలోమీటర్లు దాటదు.


లెక్కల_పుస్తకం | శనివారం, ఉదయం 11:48

ఇప్పుడు లెక్క తేలిక.

నీ దగ్గర 9 లక్షలు ఉన్నాయని కదా నీ ధీమా. అందులో ముట్టుకోకూడనిది ముందు పక్కన పెట్టు. సిప్ వదిలేస్తే నీ నెల ఖర్చు 97 వేలు. ఆరు నెలలకు 5.8 లక్షలు. కాన్పుకు, పుట్టాక మొదటి నెలల ఖర్చులకు ఒకటిన్నర. మొత్తం 7.3. అంటే కారు కోసం ఈ రోజు నీ చేతిలో ఉన్నది 1.7 లక్షలే. 14.3 లక్షల బండి పక్కన ఈ అంకె పెట్టి చూడు.

ఇప్పుడు ఆ 14.3 ఎలా అయ్యిందో చెబుతా. కర్ణాటకలో కట్టేది జీవితకాలపు పన్ను, దేశంలోనే ఎక్కువ వేసే రాష్ట్రాల్లో మనది ఒకటి. పెట్రోలు, డీజిలు కార్లకు 5 నుంచి 10 లక్షల వరకు 14 శాతం, 10 నుంచి 20 వరకు 17 శాతం, ఆ పన్ను మీద మళ్ళీ 11 శాతం సెస్సు. 11.5 లక్షల బండికి ఇదే 2 లక్షల 17 వేలు. 10 లక్షలు దాటితే ఇంకో ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు, అది ఐటీ రిటర్నులో తిరిగి తెచ్చుకోవచ్చు, ఆ కాగితం పారేయకు. ఇంకో సంగతి, 9.99 లక్షల బండికీ 10.01 లక్షల బండికీ ధరలో తేడా రెండు వేలే, పన్నులో తేడా 33 వేల పైన. వేరియంట్ ఎంచుకునేటప్పుడు ఈ గీత ఎక్కడుందో చూసుకోవాలి.

ఏడేళ్ళ లోను సంగతి. 11 లక్షలకు 9 శాతం వడ్డీ అనుకుంటే, ఏడేళ్ళలో కట్టే వడ్డీ 3.87 లక్షలు. అదే ఐదేళ్ళయితే 2.7. "రోజుకు 590" అన్న అబ్బాయి ఈ లక్షా పదిహేడు వేల తేడా చెప్పలేదు. పెట్రోలు ఆ 590లో లేదని కూడా చెప్పలేదు.

నా పుస్తకం నుంచి ఒక పేజీ చెబుతా. 2020లో 9.2 లక్షల ఆన్‌రోడ్‌కు చిన్న కారు కొన్నా, లోను లేకుండా. పెట్రోలు బంకు రశీదు దగ్గర్నుంచి అన్నీ రాస్తా, నలభై ఏళ్ళ అలవాటు. ఐదేళ్ళలో 42 వేల కిలోమీటర్లు. పెట్రోలు 3 లక్షలు, ఇన్సూరెన్స్ రెన్యూవళ్ళు 56 వేలు, సర్వీసులు 38 వేలు, నాలుగు టైర్లు 19,200, బ్యాటరీ 5,500, టోల్, పార్కింగ్ 30 వేలు. 4.9 లక్షలకు అమ్మా. అమ్మగా వచ్చింది తీసేస్తే పోయింది 8 లక్షల 78 వేలు. నెలకు 14,600. కిలోమీటరుకు దాదాపు 21 రూపాయలు. వడ్డీ ఒక్క రూపాయి కట్టకుండా.

నీ 700 కిలోమీటర్లకు పెట్రోలు ఒక్కటే దాదాపు 5 వేలు. సర్వీసు, ఇన్సూరెన్స్ నెలకు పంచితే ఇంకో పదిహేను వందలు. ఈ 6,500 కంతు పక్కన కలిపే చూడాలి.


మడకశిర_మామ | శనివారం, మధ్యాహ్నం 1:10

ఇంత లెక్క ఎందుకప్పా. కొనకుండా ఉంటే పోలా? మెట్రో పర్పుల్ లైను కాడుగోడి దాకా వస్తాది. నాన్నకు క్యాబు. ఊరికి పోవాల్సినప్పుడు డ్రైవరుతో బాడుగ కారు. నెలకు ఏడెనిమిది వేలు దాటదు. నేను పదహారేండ్లు బెంగళూరులో కారు లేకుండానే బతికినా, ఇద్దరు పిల్లోళ్ళను పెంచినా.


అనంత_బెంగళూరు | శనివారం, మధ్యాహ్నం 1:45

మామా, మెట్రో నాకు బాగానే ఉంది. కానీ రాత్రి రెండు గంటలకు నొప్పులొస్తే క్యాబు దొరుకుతుందా అని నా భార్యకు భయం. పోయిన నెల వాన రోజున 40 నిమిషాలు నిలబడ్డాం, నాలుగు క్యాబులు క్యాన్సిల్ అయ్యాయి. బాడుగ లెక్క ప్రకారం మీరు చెప్పిందే చవక, ఒప్పుకుంటా.


పాతబండి_చిత్తూరు | శనివారం, సాయంత్రం 4:30

సెకండ్‌హ్యాండ్ మాట ఎవరూ ఎత్తలేదే? మొదటి నాలుగేళ్ళ తరుగు వేరేవాడు భరించిన బండి తీసుకోవడంలో తప్పేముంది. ఇన్సూరెన్స్ వాళ్ళ లెక్క చూడండి, కొన్న ఆరు నెలలు దాటి ఏడాది లోపే బండి విలువ 15 శాతం తగ్గిస్తారు, రెండేళ్ళకు 20, మూడేళ్ళకు 30, నాలుగేళ్ళకు 40, ఐదేళ్ళకు 50. రోడ్ ట్యాక్సు కూడా మొదటివాడే కట్టేసి ఉంటాడు. నేను ఇప్పటికి మూడు పాత బండ్లు వాడా, ఒక్కటీ దారిలో ఆగలేదు.

కానీ బెంగళూరులో పాత బండి కొనేటప్పుడు ఒకటి జాగ్రత్త. 2022 సెప్టెంబరు వానలు గుర్తున్నాయా? బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు వైపు అపార్టుమెంటు బేస్‌మెంట్లలో కార్లు పైకప్పు దాకా మునిగాయి. ఆ బండ్లన్నీ తుక్కుకు పోలేదు, కడిగి, ఆరబెట్టి అమ్మినవి ఉన్నాయి. అలాంటిది నాకొకటి చూపించారు. బయట తళతళ మెరుస్తోంది. నేను డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరి దాకా లాగా. పై మూర శుభ్రంగా ఉంది, ఎప్పుడూ లోపల చుట్టుకుని ఉండే చివరి జానెడు మీద ఎండిన బురద గీత. సీటు కింద పట్టాలు వేలితో తడిమితే ఎర్ర తుప్పు అంటింది. కార్పెట్టు మూల ఎత్తి చూపించమంటే ఒప్పుకోలేదు. దండం పెట్టి వచ్చేశా.

ఇంకో రెండు. రిజిస్ట్రేషన్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్లో పాత సర్వీసు వివరాలు చెప్పమనండి, ఓనరు పక్కనుంటే చెబుతారు. మీటరు తిప్పి ఉంటే అక్కడ దొరికిపోతుంది. ఆర్సీలో హైపోతికేషన్, అంటే బండి మీద బ్యాంకు లోను ఉన్న గుర్తు ఉంటే, లోను తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆ గుర్తు తీయించే ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.


కేఆర్‌పురం_కోడలు | శనివారం, రాత్రి 8:55

అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. బండిలో కూర్చునేది పసిబిడ్డ, మోకాళ్ళు నొప్పి ఉన్న పెద్దాయన, బాలింత. తిరిగేది 44వ నంబరు హైవే మీద.

మూడేళ్ళ కింద బాగేపల్లి దాటాక తెల్లవారుజామున ఆగి ఉన్న లారీని మావారు ఆఖరి క్షణంలో చూశారు. పక్కకు తిప్పారు గానీ నా వైపు ముందు భాగం లారీ మూలకు తగిలింది. ఎయిర్‌బ్యాగు విచ్చుకుంది. నాకు మణికట్టు విరిగింది, అంతే. వెనక సీట్లో మా అత్తగారు బెల్టు పెట్టుకుని ఉన్నారు, బెంగళూరులో ఎక్కేటప్పుడు నేనే పట్టుబట్టి పెట్టించా. ఆమెకు భుజం మీద బెల్టు చార తప్ప ఏమీ కాలేదు. ఆ బండి నాలుగేళ్ళ పాతదే, కానీ క్రాష్ టెస్టులో ఐదు నక్షత్రాలు ఉన్నది చూసి కొన్నాం.

భద్రత కావాలంటే 15 లక్షలు పెట్టాలన్నది ఒకప్పటి మాట. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే క్రాష్ టెస్టులో మన దేశపు బండికి మొదటిసారి ఐదు నక్షత్రాలు వచ్చింది టాటా నెక్సాన్‌కు. 2021లో అంతకంటే చిన్నది పంచ్‌కు కూడా వచ్చాయి. 2023 నుంచి మనకు భారత్ ఎన్‌క్యాప్ ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. నా సలహా, సన్‌రూఫ్ కోసం, పెద్ద స్క్రీను కోసం పై వేరియంటుకు వెళ్ళే డబ్బు ఆపి, నక్షత్రాలున్న బండిలో కింది వేరియంటు కొను. బిడ్డ కోసం చైల్డ్ సీటు కొను, దాన్ని బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు బండిలో ఉన్నాయో లేదో చూసుకో. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవద్దని ఇంట్లో అందరికీ ముందే చెప్పు, ముఖ్యంగా అమ్మమ్మలకు.


ఇందూరు_పిలగాడు | శనివారం, రాత్రి 9:40

అక్కా, నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. బెల్ట్ ముచ్చట మా ఇంట్ల ఇయ్యాల్నే చెప్తా.

అనంత అన్నా, నీ లెక్క చూసినంక నా మాట ఎనక్కి తీసుకుంటున్న. నాకు సైటు లోను లేకుండె, నా భార్య ఉద్యోగం ఆగలే. అందుకే పెద్ద బండి నాకు నడిచింది. నీకు 17 వేల కంతు బరువైతది. నాయినను ముంగట కూసోబెట్టుకోని పోవుడు చిన్న బండిల గూడ అయితది.


అనంత_బెంగళూరు | ఆదివారం, ఉదయం 10:15

పెద్ద బండి బుక్ చేయడం లేదని షోరూంకు ఫోన్ చేసి చెప్పేశా. గుండె తేలికైంది.

నాన్నేమో అనంతపురంలోనే కొను, ఏపీ నంబరు వేయించుకో, ఇక్కడ తెలిసిన డీలరు ఉన్నాడు అంటున్నాడు. అలా చేస్తే ఇబ్బందా?


లెక్కల_పుస్తకం | ఆదివారం, ఉదయం 10:50

ఇబ్బందే. బండి ఎక్కడ ఉంటుందో అక్కడ రిజిస్టరు కావాలి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం ఏపీ బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబరుకు మార్చాలి. అప్పుడు ఇక్కడ పన్ను కట్టి, అక్కడ కట్టిన పన్ను తిరిగి ఇప్పించుకోవడానికి నువ్వు అనంతపురం ఆర్టీఓ చుట్టూ తిరగాలి. మధ్యలో చెకింగులో ఆపితే వేరే తలనొప్పి. శుభ్రంగా ఇక్కడి కేఏ-53 నంబరు వేయించుకో.


బెళ్ళందూరు_అక్క | ఆదివారం, మధ్యాహ్నం 12:20

అనంతా, ఒక మాట. ఈ నెలే కొనాలని ఏముంది? కాన్పు అయ్యే దాకా మీ ఆవిడ జీతం వస్తోంది, సెలవులో కూడా వస్తుంది. నాలుగు నెలలు ఆగు. నెలకు 60 వేలు పక్కన పెడితే రెండున్నర లక్షలు అవుతుంది. ఆసుపత్రికి మాత్రం ముందే తెలిసిన డ్రైవరు ఒకరితో మాట్లాడి పెట్టుకో, రాత్రి ఎన్నింటికైనా వస్తానని మాట తీసుకో. మా కాలనీలో కాన్పులకు అందరం అలాగే చేశాం. ఆ ఆరు నెలల ఖర్చు డబ్బులు మాత్రం ముట్టుకోకు.


పాతబండి_చిత్తూరు | ఆదివారం, సాయంత్రం 5:00

కొనే ముందు నాన్నగారిని తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు సీటు ఎత్తే ముఖ్యం. సీటు తొడల కంటే కిందకుంటే దిగేటప్పుడు బరువంతా మోకాళ్ళ మీదే పడుతుంది. సీటు నడుముకు సరిగ్గా ఉంటే పక్కకు తిరిగి కాళ్ళు కింద పెట్టి లేస్తే చాలు. మా అమ్మ కోసం నేను సెడాన్ అమ్మేసింది ఇందుకే.


అనంత_బెంగళూరు | నాలుగు నెలల తర్వాత, బుధవారం, రాత్రి 9:30

అందరికీ చెప్పాల్సిన బాకీ ఒకటి ఉంది, అందుకే మళ్ళీ వచ్చా.

పాప పుట్టింది, రెండు నెలలు నిండాయి. నొప్పులు వచ్చింది రాత్రి పన్నెండున్నరకు. అక్క చెప్పినట్టు ముందే మాట్లాడి పెట్టుకున్న డ్రైవరన్న పది నిమిషాల్లో గేటు దగ్గర ఉన్నాడు. ఈ నాలుగు నెలల్లో నాన్నను రెండుసార్లు బాడుగ కారులోనే తీసుకొచ్చి పంపా. మడకశిర మామ లెక్క తప్పు కాదు, సాగిపోయింది.

కారు పోయిన శనివారం వచ్చింది. పంచ్, మధ్య వేరియంటు. షోరూం ధర 6.9 లక్షలు. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, అది బాగా కలిసొచ్చింది. రోడ్ ట్యాక్స్ 1 లక్షా 7 వేలు. ఇన్సూరెన్స్ షోరూం వాళ్ళు 46 వేలు చెప్పారు, అదే కవరు, తరుగు కోయకుండా క్లెయిము ఇచ్చే జీరో డెప్‌తో సహా, బయట 31 వేలకు దొరికింది. ఎదుటివాళ్ళ నష్టానికి చేయించే మూడేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కొత్త బండికి ఎటూ తప్పదు. బయట తీసుకుంటే డిస్కౌంటు ఇవ్వలేమన్నారు. మేనేజరుతో కూర్చుని, ఎక్కడ తీసుకోవాలన్నది కొనేవాడి ఇష్టమేనని ఓపిగ్గా చెప్పా, ఒప్పుకున్నాడు. హ్యాండ్లింగ్ చార్జీలని 9,500 రాశారు, అది దేనికో విడిగా రాసివ్వమంటే కొట్టేశారు. అన్నీ కలిపి 8 లక్షల 30 వేలు. 4.3 చేతి నుంచి కట్టాం, 4 లక్షలు లోను, నాలుగేళ్ళు, కంతు 9,954. ఆరు నెలల ఖర్చు డబ్బు బ్యాంకులో అలాగే ఉంది. నా భార్య ఏడాది ఇంట్లో ఉన్నా, సిప్ ఆపితే నా జీతంలో కంతు, పెట్రోలు రెండూ వెళ్ళిపోతాయి.

బండి ఎంచింది మాత్రం నాన్నే. మూడు షోరూంలు తిరిగాం. మొదటి రెంటిలో డోరు పైన పిడి పట్టుకుని, పళ్ళు బిగపట్టి లేచాడు. మూడో దాంట్లో పక్కకు తిరిగి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, ఏమీ పట్టుకోకుండా లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక తనకే నమ్మకం కుదరనట్టు మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచాడు. నేనింక వేరే బండి చూడలేదు.

ఈ శనివారం పాపను తీసుకుని మొదటిసారి అనంతపురం పోతున్నాం. చైల్డ్ సీటు వెనక బిగించా, అమ్మమ్మకు రెండుసార్లు ఫోన్లో చెప్పా.


కేఆర్‌పురం_కోడలు | బుధవారం, రాత్రి 9:52

చదువుతుంటే కళ్ళు చెమర్చాయి తమ్ముడూ. పాపకు నా ముద్దులు. తెల్లవారుజామున కాకుండా ఏడింటి తర్వాతే బయల్దేరండి. పసిబిడ్డ సీట్లో ఎక్కువసేపు ఉండకూడదు, గంటన్నరకోసారి ఆపి ఎత్తుకోండి.


ఇందూరు_పిలగాడు | బుధవారం, రాత్రి 10:05

ముబారక్ అన్నా! నాయిన ముంగట సీట్ల కూసుంటడు కదా, ఫోటో పెట్టుడు మర్చిపోకు.


మడకశిర_మామ | బుధవారం, రాత్రి 10:20

సంతోషం అబ్బాయ్. ఫాస్టాగ్‌కు ఏడాది పాసు తీసుకున్నావా? ఒకసారి కట్టితే జాతీయ రహదారుల టోల్‌గేట్లలో 200 సార్లు దాటొచ్చు, లేదంటే ఏడాది పాటు. దేవనహళ్లి దగ్గర ఒకటి, బాగేపల్లిలో ఒకటి, మరూరులో ఒకటి. పోను రాను ఆరు. రెండు నెల్లకోసారి నాన్న కోసం తిరుగుతావు, పండగలకు పోతావు, లెక్కేసుకో.


అనంత_బెంగళూరు | బుధవారం, రాత్రి 10:31

నాన్నను తీసుకొచ్చి మళ్ళీ దింపి రావాలంటే ఒక్కోసారికి రెండు విడతల ప్రయాణం మామా, అంటే పన్నెండు గేట్లు. పండగలు కలిపితే ఏడాదికి నూరు దాటతాయి. ఇప్పుడే యాప్‌లో తీసుకుంటున్నా.